కప్పు అడగబోయిన కథ

పోయిన ఆదివారం మా వీధి సాంస్కృతిక సంఘం వాళ్ళు నలుగురు వచ్చారు. ముందు నా ఆరోగ్యం బాగుందన్నారు, తర్వాత నా రచనలు బాగున్నాయన్నారు. ఆ రెండింట్లో ఏది పెద్ద అబద్ధమో నేను తేల్చుకునేలోగా అసలు సంగతికి వచ్చారు. సంఘానికి ఒక రంగస్థలం కట్టుకోవాలట, కళలకి ప్రభుత్వం ఇచ్చే సాయంలోంచి కొంత రాబట్టాలట, అందుకు ఎమ్మెల్యేని కలవాలట. “మీరు పెద్దవారు, మాట నేర్పున్నవారు. ఆయన ముందు మీరొక్క మాట మాట్లాడితే చాలు సార్” అన్నారు. ఒక్క మాట అనేసరికి నాకు గుండె గుభేలుమంది. మోకాళ్ళ నొప్పులని చెప్పి, కాఫీలిచ్చి, మెట్ల దాకా దిగి మరీ సాగనంపాను. మోకాళ్ళు నొప్పులైతే మెట్లెలా దిగానని వాళ్ళు అడగలేదు. మర్యాదస్తులు.

నిజం చెప్పాలంటే, కళల తరఫున ఎమ్మెల్యే ఇంటికి వెళ్ళిన అనుభవం నాకుంది. అందుకే వెళ్ళను. ఆంధ్ర రాష్ట్రం వేరుపడిన కొత్తలో, మద్రాసులో, నేనొక తెలుగు ఎమ్మెల్యేతో తెలుగులో మాట్లాడి, ఆయన తెలుగులో ఇచ్చిన జవాబు విని, దాన్ని ఉన్నదున్నట్టు ఇంకొక తెలుగువాడికి తెలుగులోనే చేరవేసి, ఒక కాపరాన్ని వానాకాలం వచ్చేదాకా అయోమయంలో ముంచిన మూర్ఖుణ్ణి. అప్పటికి నేను బి.ఏ. ప్యాసయ్యాను. అందులో నా ప్రత్యేక విషయం తెలుగు. మూర్ఖత్వానికి కూడా పరీక్ష పెట్టి ఉంటే అందులోనూ మొదటి తరగతి వచ్చేది.

అప్పుడు నేను మా కృష్ణాతీరం నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ మద్రాసు వచ్చి, తిరువొత్తియూరులో మా అక్క ఇంట్లో దిగాను. అక్క మా ఊరి పిల్లే కాని బావ మాత్రం తరతరాలుగా అక్కడివాడు. ఆయన ముత్తాత ఏ కాలంలో ఏ ఊరి నుంచి వచ్చాడో వాళ్ళింట్లో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, ఫ్యాక్టరీలో రెండూ కలిపి ఇంకేదో మాట్లాడేవాడు. పగలంతా యంత్రాల దగ్గర నిలబడి, సాయంత్రం సైరను కూయగానే చేతులకున్న నూనె కడుక్కుని రాజైపోయేవాడు. సముద్రం పక్కన పాతకాలపు ఉప్పు కొఠారు ఒకటి ఖాళీగా పడి ఉంటే, దాన్ని అద్దెకి తీసుకుని, బల్లలు కొట్టి, మా బావా ఆయన తోటి కార్మికులూ తెలుగు నాటకాలాడేవారు. కొఠారు గోడల్లో ఉప్పు ఇంకిపోయి ఉండేది. కాస్త తేమగాలి తగిలితే చాలు, గోడలకి చెమట పట్టేది. హార్మోనియం మెట్లు తుప్పు పట్టి కొన్ని స్వరాలు పలికేవి కావు, పాడేవాళ్ళు వాటిని దాటేసుకుని పాడేవారు. అక్కడ ముఖానికి రంగు అద్దుకుని పెదాలు నాక్కుంటే రంగు బదులు ఉప్పు తగిలేదని బావ చెప్పేవాడు. ఆ కొఠారులో రాజుగా నిలబడ్డప్పుడు తప్ప ఆయన వీపు నిటారుగా ఉండడం నేను చూడలేదు. మిగతా సమయాల్లో ఫోర్‌మాన్ ఎదురుగా ఉన్నట్టే ఒంగి నడిచేవాడు.

నేను వెళ్ళే ముందటి ఏడాది గాలివానకి కొఠారు కప్పు సగం లేచిపోయింది. మిగతా సగం మీద కొబ్బరాకులు కప్పి ఎలాగో నెట్టుకొస్తున్నారు. కొఠారు సొంతదారుకి ఓపిక నశించింది. ఐప్పసి వానలు పడేలోగా గట్టి కప్పు వేసుకుంటే సరే, లేకపోతే ఎండుచేపల వ్యాపారి అడుగుతున్నాడు, ఆయనకి ఇచ్చేస్తాను అన్నాడు. ఐప్పసి అంటే మన ఆశ్వయుజ కార్తీకాల మధ్య వచ్చే అరవ నెల, మద్రాసుకి అసలు వానాకాలం అదే. సరిగ్గా అప్పుడే, నాటక సమాజాల వసతులకి ప్రభుత్వం సాయం చేస్తుందనీ, ఎమ్మెల్యే సిఫారసు ఉంటే పని జరుగుతుందనీ ఫ్యాక్టరీలో ఎవరో చెప్పారు. మా ఎమ్మెల్యే కూడా బావ లాగే తరతరాలుగా మద్రాసులో పాతుకుపోయిన తెలుగాయన. ఇల్లు చాకలిపేటలో.

“నాది సంత తెలుగు బామ్మర్దీ. నీది అచ్చులో తెలుగు. ఆయన ముందర నువ్వే దా మాట్లాడాల” అన్నాడు బావ.

మీరే మాట్లాడండి, ఆయనా మీ వాడే కదా అనాలి నేను. అనలేదు. పైగా, “అయితే మీరు మధ్యలో అరవం కలపకండి బావగారూ, సభ్యత కాదు” అన్నాను. ఆయన ఎంత సభ్యత గలవాడంటే, ఎమ్మెల్యే ఇంటి వసారాలోకి చేరాక, తన మాటతో నా మాట పాడవుతుందని లోపలికి రానే రాలేదు. చెప్పులు విప్పి, వాటి పక్కనే తనూ నిలబడిపోయాడు.

ఎమ్మెల్యేగారు తెల్లటి బనీనులో, వాలుకుర్చీలో, విసనకర్రతో ఉన్నారు. ముఖం చూస్తే మంచివాడే. నేను రైల్లో దారి పొడుగునా మనసులో వల్లించుకున్న ఉపన్యాసం ఎత్తుకున్నాను. నాటకకళ పుట్టుక దగ్గర మొదలుపెట్టి, సంఘ సంస్కారం మీదుగా, కార్మికుల కళాతృష్ణ దాటుకుని, ఆయన రెండోసారి ఆవలించే సమయానికి కొఠారు చేరాను. “కనక అయ్యా, మా సమాజానికి ఈ కప్పు ఎంతో అవసరం. అత్యవసరం!” అని ముగించాను.

ఆయన విసనకర్ర ఆపారు. “అంత అవసరం ఎందుకబ్బా? ఇప్పుడు ఒక అవసరమూ లేదు. నేను విచారిస్తాను. కాఫీ తాగి పో” అన్నారు, ఎంతో ప్రేమగా.

నాకు చెవులు గింగురుమన్నాయి. నాటకానికి కప్పు అవసరం లేదట! పైగా అందుకు విచారిస్తాడట! విచారించడం అంటే వాకబు చేయడం అని కూడా అర్థం ఉందని నాకు తెలియక కాదు. కానీ అవసరం లేదు అన్న మాట వెంట వచ్చినప్పుడు అది సంతాపమే అవుతుంది కాని వాకబు ఎలా అవుతుంది? కప్పు కోసం వెళ్ళినవాడికి ఒక కప్పు మాత్రం దక్కింది, కాఫీది. అది కూడా చల్లారిపోయింది.

బయటికి వచ్చేసరికి బావ ఆత్రంగా ఎదురొచ్చాడు. “ఏమన్నాడు? ఏమన్నాడు?”

దించిన తల ఎత్తకుండా, “అవసరం లేదన్నారు బావగారూ. విచారిస్తారట” అన్నాను.

బావ ముఖం చేటంత అయింది. “అప్పిడియా! అవసరం లేదన్నాడా! విచారిస్తానని ఆయన నోటితోనే అన్నాడా?”

“అన్నారు.”

“ఇంకేం కావాల్రా బామ్మర్దీ! నీ తెలుగు పని చేసింది పో!” అని నన్ను రోడ్డు మీదే వాటేసుకుని, రైలెక్కే ముందు నాకు వడలు పెట్టించాడు.

ఆ వడలు తింటూ నేను పడ్డ ఆశ్చర్యం ఇప్పటికీ గుర్తుంది. ఎంత ఉదాత్తుడు! అడిగింది లేదు పొమ్మన్నా, ఎమ్మెల్యే అంతటివాడు తమ కోసం విచారిస్తానన్నాడని పొంగిపోతున్నాడే! లేకపోతే దుఃఖం తలకెక్కి ఇలా మాట్లాడుతున్నాడా? రెండోదే నిజమనిపించింది. ఎందుకంటే ఆ మర్నాటి నుంచే బావ కొత్త నాటకం మొదలుపెట్టాడు. వానాకాలంలో ఆడతామని అందరికీ చెప్పేశాడు. కప్పు లేని కొఠారులో నిలబడి, కప్పు వేశాక దీపాలు ఎక్కడ వేలాడదీయాలో చేత్తో చూపించేవాడు. చూపించినచోట ఆకాశం ఉండేది. నాకు కళ్ళ నీళ్ళు తిరిగేవి.

అక్కని వంటింట్లో పట్టుకుని, “బావగారి మనసు బాగాలేదే. ఆ కప్పు మాట ఆయన ముందు ఎత్తకు” అని చెప్పాను. బావ నా వెనకాల అదే వంటింట్లోకి వెళ్ళి, “మీ తమ్ముడికి ఈడి నీళ్ళు పడలేదే. సుమ్మా ఊరికే మొహం ఏలాడేసుకోని ఉండాడు, కొంచెం చూడు” అని చెప్పాడు. అక్క పాపం, ఇద్దరికీ పొద్దున్నే మిరియాల కషాయం పెట్టడం మొదలుపెట్టింది. నేను ఆయన్ని చూసి జాలిపడుతూ, ఆయన నన్ను చూసి జాలిపడుతూ, ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ముఖాలు చిట్లించి ఆ కషాయం తాగేవాళ్ళం. ఒకసారి మాత్రం అక్కకి విసుగొచ్చి, “మీరిద్దరూ ఆ రోజు వెళ్ళింది ఒకే ఎమ్మెల్యే ఇంటికేనా?” అంది. ఆ ప్రశ్న దగ్గర ఇంకొంచెం ఆగి ఉంటే కథ మరోలా ఉండేది. కాని అన్నం మాడుతోందని ఆవిడ లేచి వెళ్ళిపోయింది.

బావ ఆశ చూసి తట్టుకోలేక నేను ఆయనకి తెలియకుండా ఒక ఘనకార్యం చేశాను. మైలాపూరులో పెద్దల సభ సభ్యుడైన వకీలు ఒకాయన ఉండేవారు, మా ఎమ్మెల్యేకి ఎదుటి పార్టీ. ఆయన దగ్గరికి వెళ్ళి, ఆయనకి తెలుగూ నాకు అరవమూ రావు కాబట్టి ఇంగ్లీషులో, కార్మికులకి నాటకాలు అవసరం లేదని మా ఎమ్మెల్యే తెగేసి చెప్పారని ఫిర్యాదు చేశాను. ఆయన ఎంతో శ్రద్ధగా విన్నారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చెప్పించుకుని విన్నారు. కళ పట్ల ఇంత ప్రేమ ఉన్నవారు ఎదుటి పార్టీలోనే ఉంటారు కాబోలు అనుకుంటూ తిరిగొచ్చాను.

కొద్ది రోజులకి మా ఇంటి ముందు సైకిలు ఆగింది. “అయ్య పిలస్తాండాడు. ఇద్దురూ రావాలంట. ఇప్పుడే” అన్నాడు సైకిలు మనిషి. కప్పు వచ్చేసిందనుకుని బావ ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు.

ఈసారి ఎమ్మెల్యేగారు వాలుకుర్చీలో లేరు, నిలబడి ఉన్నారు. “ఏమబ్బా, నేను కళ వద్దంటినా? ఆ మైలాపూరాయన నలుగురి ముందర నన్ను పట్టుకోని, ఏమయ్యా, మీ తెలుగోళ్ళకే నాటకం వద్దన్నావంట గదా అని నగతాండాడు! ఎప్పుడంటిని రా?” అన్నారు నా వైపు చూసి.

“మీరే కదండీ, అవసరం లేదన్నారు” అన్నాను.

“అవును, అంటిని. అవసరం లేదంటే?”

“అక్కర్లేదని.”

“అక్కర్లేదంటే అక్కర్లేదంటాను గదా! అవసరం లేదంటే, అవసరపడొద్దు, నిదానంగా చూస్తామని! నువ్వొచ్చి అవసరం అవసరం అని నిలబడితివే, ఏందిరా ఈ పిల్లోడికి ఇంత తొందర అనుకుంటిని!”

నేను బావ వైపు తిరిగాను. బావ నా వైపే నోరు తెరుచుకుని చూస్తున్నాడు. “అంటే... ఇన్నాళ్ళూ నువ్వు ఆయన వద్దన్నాడనా అనుకుంటా ఉండావు?” అన్నాడు మెల్లిగా. “నేను నిదానంగా ఇస్తాడనుకోని నాటకం పెట్టుకుంటినే బామ్మర్దీ!”

అప్పుడు వెలిగింది నాకు. అరవంలో అవసరమంటే తొందర. అక్కడి తెలుగువాళ్ళు తెలుగులో కూడా ఆ మాటని ఆ అర్థంతోనే వాడుతున్నారు. విచారించడం అంటే వాకబు చేయడమే, అందులో సంతాపం లేశం కూడా లేదు. అంటే నేను చెప్పిన ఒకే వాక్యం విని బావ పెళ్ళికి బయల్దేరాడు, నేను సంతాపసభకి బయల్దేరాను. రోజూ ఒకే గ్లాసుల్లో కషాయం తాగాం.

“నేను విచారించి, మీ పని కాగితాల మీదికి తెచ్చినా. ఇప్పుడా మైలాపూరాయన దగ్గిరికే పొండి” అని ఎమ్మెల్యేగారు కుర్చీలో కూర్చుని, బావతో అన్నారు: “ముందు నీ బామ్మర్దికి కొంచెం తెలుగు నేర్పించు.”

ఏ తిట్టయినా పడేవాణ్ణి. అది మాత్రం పడలేదు. తెలుగులో పట్టా పుచ్చుకున్నవాణ్ణి, కృష్ణ నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి. నోరు తెరవబోయాను, బావ నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. చేతులు జోడించి, “అయ్యా, వాడు ఊరికి కొత్త. ఆ మాట మరిచిపోండి. వానలొస్తాండాయి. మాకు ఇదొక్కటే ఆడుకునే చోటు. ఈసారి మీ లెక్కలోనూ అవసరమే, వాడి లెక్కలోనూ అవసరమే” అన్నాడు.

ఎమ్మెల్యేగారికి నవ్వొచ్చింది. “ఆగట్టుం, చూస్తాం” అన్నారు. నేను బెంబేలుపడ్డాను, ఆగమంటున్నాడేమిటి అని. అరవంలో ఆగట్టుం అంటే అలాగే కానివ్వండి అని అర్థమని దారిలో బావ ఓపికగా బోధించాడు. కాని చివరికి నా అనువాదమే నెగ్గింది. ఆయన మాట అరవంలో అయింది, మా పని తెలుగులో ఆగింది. ఎమ్మెల్యేగారు కోపం పోక ఆపేశారో, మరిచిపోయారో, కాగితాలు ఆఫీసుల మధ్య తిరుగుతూ, ఇది తెలుగు నాటకం కదా, తెలుగు రాష్ట్రం వేరే వచ్చింది కదా అని ఎక్కడో చతికిలబడ్డాయో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తెలుగు రాష్ట్రం మాట ఒక గుమాస్తా అన్నాడని మాత్రం విన్నాం. బావ అది విని, “ఆంధ్రా అంటే నేను నా పెండ్లికి పొయ్యి చూసినదే గదా. ఆడ నన్నెవరు ఎరగతారు?” అని నన్నే అడిగాడు.

ఐప్పసిలో వాన పడింది. ఆపకుండా పడింది. కొబ్బరాకులు కారాయి, రంగస్థలం బల్లలు ఉబ్బాయి. సొంతదారు మాట తప్పే మనిషి కాదు, ఆ విషయంలో ఎమ్మెల్యే కన్నా నిక్కచ్చి. కొఠారులోకి ఎండుచేపలు వచ్చాయి. తెరలు చుట్టి ఇంటికి తెచ్చుకున్నాం. అంతఃపురం తెరని అక్క వంటింటికీ పడగ్గదికీ మధ్య కట్టింది. రోజూ అంతఃపురంలోంచి చారు గిన్నె బయటికి వచ్చేది. కారాగారం తెర నా మంచం పక్కకి వచ్చింది, ఉద్యోగం దొరికేదాకా దాని పక్కనే పడుకున్నాను. బావ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఫ్యాక్టరీ నుంచి వచ్చి అలాగే ఒంగి కూర్చునేవాడు. ఇంట్లో ఆయన నవ్వు వినబడడం మానేసింది.

తర్వాత ఎన్నికలు వచ్చాయి. ఎన్నికలొస్తే కళల మీద ప్రేమ చిగురిస్తుంది. మా ఎమ్మెల్యేగారు కబురు పంపారు: మీ నాటకం ఎక్కడైనా ఆడండి, నేను అధ్యక్షత వహిస్తాను. ఒక బడి ఆవరణలో ఏర్పాటు చేశారు. నాటకానికి ముందు స్వాగతం పలకడానికి చదువుకున్నవాడు కావాలన్నారు. అందరూ నా వైపు చూశారు, బావ తప్ప. ఆయన రాజు కిరీటంతో తెర వెనక ఉన్నాడు.

మైకు ముందు నిలబడి, నిండు సభలో, నాకు వచ్చిన తెలుగంతా ఒక్క చోటికి పోగుచేసి మాట్లాడాను. “వీరు మాట ఇస్తే మాటే ఇస్తారు, మరొకటి ఇవ్వరు!” అన్నాను. చప్పట్లు. “వీరి వాగ్దానాలు చిరంజీవులు, వాటికి తీరడమన్నది లేదు!” అన్నాను. ఎమ్మెల్యేగారు కూడా కొట్టారు చప్పట్లు. “వీరి దయ ఆకాశమంతటిది. మా కొఠారులో నిలబడి తలెత్తినప్పుడల్లా మాకు అదే కనిపించేది. మా నాటకానికి వీరు కప్పలేకపోయిన లోటు తీరేలా, ఇప్పుడు మేమే వీరికి ఈ శాలువా కప్పుతున్నాం!” అన్నాను. శాలువా కప్పుతుంటే ఆయన ఆనందంతో నా భుజం తట్టి, “పరవాలేదే! తెలుగు నేర్చుకున్నావే!” అన్నారు.

అప్పుడే తెర వెనక ఏదో పడ్డ చప్పుడు, దాని వెనక ఒక దగ్గు, దగ్గు వెనక నవ్వు. మా బావ. సింహాసనం మీద కూర్చుని, పొట్ట పట్టుకుని, కన్నీళ్ళకి ముఖం రంగు చారలు కట్టేలా నవ్వుతున్నాడు. అంటించిన మీసం ఒక పక్క ఊడి వేలాడుతోంది. నన్ను చూసి, “పాపీ, నాటకం ఎట్లా ఆడేది రా ఇంక!” అని, మళ్ళీ నవ్వు. ఆ రోజు రాజుగారు కోపంగా మాట్లాడాల్సిన ఘట్టంలో కూడా పెదవి అదురుతూనే ఉంది. వీపు మాత్రం నిటారుగా ఉంది.

నా ప్రతీకారం అక్కడితో అయిపోతే ఎంత బాగుండేది! ఎమ్మెల్యేగారికి మొదటి వాక్యం తెగ నచ్చేసింది. “మాట ఇస్తే మాటే ఇచ్చే మన మనిషి” అని కరపత్రాల మీద పెద్దక్షరాలతో అచ్చు వేయించి వీధి వీధికీ పంచారు. మా బావా, ఆయన నాటకాల బృందమూ వాటిని దాచుకుని, కనబడినప్పుడల్లా ఒకరికొకరు చూపించుకుని నవ్వుకునేవారు. ఎమ్మెల్యేగారు గెలిచారు, ఇదివరకటి కన్నా బాగా గెలిచారు. జనం ఆ వాక్యాన్ని వెక్కిరింపుగా చదువుకుని నవ్వుతూ ఓటేశారో, పొగడ్తగా చదువుకుని నమ్మి ఓటేశారో నేను ఎవరినీ అడగలేదు. ఇప్పుడు ఎమ్మెల్యేగారూ లేరు, బావా లేడు. ఈ మధ్య ఆ వాక్యం మనసులో మెదిలినప్పుడు, ఎమ్మెల్యేగారిని తిట్టానో పొగిడానో నాకే సరిగ్గా తెలియడం లేదు. కాలం అర్థాలని అరగదీసేసి, మాటల్ని మాత్రం మన దగ్గర వదిలి వెళ్ళిపోతుంది కాబోలు.